పసిపిల్లల గుండె ఆపరేషన్‌లో బైపాస్ యంత్రం: మిగతా అవయవాలకు ముప్పు ఎందుకు?

ప్రశ్న
గుణుపురం మేనమామ

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం. నేను ఇక్కడి ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. మా చెల్లెలి కూతురికి ఇప్పుడు 14 నెలలు, బరువు 8 కిలోలు. మూడో నెలలో ఏడ్చినప్పుడల్లా పాప పెదవులూ గోళ్లూ నీలంగా మారుతున్నాయని మా అమ్మ మొదట కనిపెట్టింది. విశాఖపట్నం తీసుకువెళ్లి ఎకో తీయిస్తే టెట్రాలజీ ఆఫ్ ఫాలో అని తేలింది. గుండె కింది గదుల మధ్య పెద్ద రంధ్రం ఉందని, ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారి ఇరుకుగా ఉందని, వచ్చే నెలలో రెండూ ఒకేసారి సరిచేస్తామని చెప్పారు.

సర్జన్ గారు మాతో ఓపికగానే మాట్లాడారు. గుండెను కొంతసేపు ఆపుతామని, ఆ సమయంలో హార్ట్-లంగ్ మెషిన్ రక్తాన్ని నడిపిస్తుందని బొమ్మ గీసి చూపించారు. కాని తరువాత మా చేత సంతకం పెట్టించుకునే కాగితంలో మూత్రపిండాలు దెబ్బతినవచ్చని, డయాలసిస్ అవసరం కావచ్చని, ఫిట్స్ రావచ్చని, ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చని వరుసగా రాసి ఉంది. అది చదివి వినిపించగానే మా చెల్లెలు, "బాగు చేసేది గుండెను కదా అన్నయ్యా, ముప్పు మిగతా వాటికి ఎందుకు?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. అక్కడి రద్దీలో మళ్లీ లోపలికి వెళ్లి అడిగే వీలూ కలగలేదు.

యంత్రం మీద ఉన్నంతసేపు పిల్లల మూత్రపిండాలకూ, మెదడుకూ, ఊపిరితిత్తులకూ అసలు ఏమి జరుగుతుంది? ఆ నష్టం తాత్కాలికమా, ఉండిపోయేదా? రక్తాన్ని చల్లబరుస్తారని విన్నాము, అది మేలు చేస్తుందా, కీడు చేస్తుందా? యంత్రం అవసరం లేని చిన్న ఆపరేషన్ ఒకటి ఉందని, ప్రస్తుతానికి అది చేయించి పాప పెద్దయ్యాక అసలుది చేయించవచ్చని మా బావగారు ఎక్కడో విన్నారు. దాని గురించి కూడా తెలిసినవారు చెప్పగలరు. ధైర్యం చెప్పే మాటల కంటే ఉన్నది ఉన్నట్టు చెబితే మాకు ఎక్కువ ఉపకారం చేసినవారవుతారు.

జవాబు
పర్లాకిమిడి పంపు మనిషి

మాస్టారూ, నమస్కారం. మాది పర్లాకిమిడి. విశాఖలో పర్‌ఫ్యూజనిస్టుగా చేస్తున్నాను. గుండె ఆగి ఉన్నంతసేపు ఆ యంత్రం ముందు కూర్చుని దాన్ని నడిపేది నా వంటి వాళ్లమే. పాప విషయంలో ఏమి చేయాలన్నది వైద్యులు చెప్పవలసిన మాట కాబట్టి నేను యంత్రం వరకే మాట్లాడతాను.

మీ చెల్లెలు గారు అడిగినది సరైన ప్రశ్న. యంత్రం చేసే పని చెప్పడానికి తేలికే. గుండె కుడివైపుకు తిరిగివచ్చే చెడు రక్తాన్ని గొట్టాలు బయటికి తెచ్చి ఒక తొట్టిలో చేరుస్తాయి. పంపు దాన్ని ఆక్సిజనేటర్‌లోకి తోస్తుంది. అక్కడ వెంట్రుకల వంటి బోలు దారాల లోపల ఆక్సిజన్, బయట రక్తం పారుతూ ఉండగా రక్తం శుద్ధి అవుతుంది. దాన్ని చల్లబరచవలసినా వేడి చేయవలసినా అక్కడే చేసి, మహాధమనిలోకి తిరిగి పంపుతాము. చిక్కంతా రక్తం దగ్గరే ఉంది. రక్తనాళాల లోపలి పొరను తప్ప మరో ఉపరితలాన్ని ఎరగని రక్తం ప్లాస్టిక్‌ను తాకగానే ఒంటికి పెద్ద గాయం తగిలిందనుకుంటుంది. గడ్డకట్టే వ్యవస్థ, కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రొటీన్లు, తెల్లకణాలు అన్నీ ఒక్కసారిగా మేల్కొంటాయి. కిలోకు 300 నుంచి 400 యూనిట్ల హెపారిన్ ఇచ్చి గడ్డకట్టడాన్ని ఆపుతాము గాని, ఆ మేల్కొన్న సైన్యాన్ని హెపారిన్ పూర్తిగా పడుకోబెట్టలేదు. దాంతో సన్నని రక్తనాళాల గోడలు వదులై, రక్తంలోని నీరు కణజాలంలోకి జారుతుంది. ఆపరేషన్ మరునాడు పిల్లల కనురెప్పలూ ముఖమూ ఉబ్బి కనిపించడానికి ఇదే కారణం. బయట ముఖం ఎలా ఉబ్బుతుందో లోపల ఊపిరితిత్తులూ, పేగులూ, గుండె కండరమూ అలాగే ఉబ్బుతాయి.

ఇది పెద్దవాళ్లలోనూ జరిగేదే. పిల్లల్లో ఎక్కువ కావడానికి కారణం మీకు లెక్కతోనే చెబుతాను. పెద్ద మనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది, గొట్టాలు నింపడానికి లీటరు, లీటరున్నర ద్రవం పడుతుంది. 3 కిలోల శిశువులో, కిలోకు 85 మిల్లీలీటర్ల చొప్పున, ఉండే రక్తం 255 మిల్లీలీటర్లు మాత్రమే. ఎంత కురచ గొట్టాలు వాడినా నింపడానికి 200 వరకు పడుతుంది, అంటే యంత్రం దాదాపు మరో శిశువంత ఉంటుంది. వెనుకటి రోజుల్లో ఆ ద్రవమే శిశువు రక్తానికి రెండు మూడింతలు ఉండేదట. మీ మేనకోడలికి 8 కిలోలు కాబట్టి సుమారు 640 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. గొట్టాలకు 320 పడుతుందనుకుందాం. నీలంగా ఉండే పిల్లల్లో రక్తం చిక్కబడుతుంది. ఎర్రకణాల శాతం, మేము హెమటోక్రిట్ అంటాము, 48 ఉందనుకుంటే యంత్రంలో కలిశాక 32కు దిగుతుంది. మీ పాపకు ఇచ్చిన రిపోర్టులో ఆ అంకె చూసి మీరే లెక్క వేసుకోవచ్చు. చిన్న శిశువుకు అదే లెక్క వేస్తే 20కి దగ్గరగా పడిపోతుంది కాబట్టి దాత రక్తం కలపక తప్పదు. బోస్టన్‌లో శిశువులను రెండు గుంపులు చేసి, ఒక గుంపులో 20 దగ్గర, మరో గుంపులో 30 దగ్గర ఉంచి పోల్చి చూసి 2003లో ఫలితం ప్రకటించారు. పలచన చేసిన గుంపులో ఏడాది వయసుకు కాళ్లూ చేతుల నేర్పు వెనుకబడింది. అప్పటి నుంచి మరీ పలచన కానివ్వకూడదన్న జాగ్రత్త పెరిగింది.

ఇక చల్లదనం. ఒళ్లు చల్లబడిన కొద్దీ కణాలకు కావలసిన ఆక్సిజన్ తగ్గుతుంది. 28 డిగ్రీల దగ్గర అది సుమారు సగానికి వస్తుంది, 18 డిగ్రీల దగ్గర నాలుగో వంతుకు దిగుతుంది. పంపు ఒక్క నిమిషం తడబడినా మెదడు తట్టుకునే వ్యవధి ఈ చలువ వల్లనే దొరుకుతుంది. టెట్రాలజీ వంటి వాటికి సాధారణంగా 28 నుంచి 32 డిగ్రీల మధ్య సరిపోతుంది, ప్రవాహం ఆపనక్కర లేదు. 8 కిలోల పాపకు నిమిషానికి సుమారు లీటరు రక్తం నడుస్తూనే ఉంటుంది. మహాధమని వంపును బాగుచేసే కొన్ని ఆపరేషన్లలో మాత్రం 18 డిగ్రీలకు చల్లబరచి ప్రవాహాన్నే పూర్తిగా ఆపుతారు. దీని మీద బోస్టన్‌లోనే 1988 నుంచి 1992 వరకు ధమనులు తారుమారైన 171 మంది శిశువుల్లో పెద్ద పరిశోధన జరిగింది. ప్రవాహం ఆపిన గుంపులో ఫిట్స్ ఎక్కువగా కనిపించాయి, ఏడాది వయసులో కదలికల నేర్పు తక్కువగా ఉంది. ఆపిన సమయం 40 నిమిషాలు దాటాక నష్టం పెరుగుతుందని తరువాత తేల్చారు. అయితే ఆ పిల్లలకు 8 ఏళ్లు వచ్చాక చూస్తే రెండు గుంపుల్లోనూ చూపుకూ చేతికీ పొంతన, ఏకాగ్రత వంటి చోట్ల కొంత లోటు ఉంది. ఒక పద్ధతి మంచిది, మరొకటి చెడ్డది అని గీత గీసినట్టు చెప్పలేకపోవడం ఇందుకే.

చల్లబరచడం కంటే తిరిగి వేడి చేయడం దగ్గరే నాకు ఎక్కువ భయం. త్వరగా ముగించాలని వేడిని తొందరగా పెంచితే, ఒళ్లు ఇంకా చల్లగా ఉండగానే మెదడుకు వేడి రక్తం చేరుతుంది. కాబట్టి లోపలికి వెళ్లే రక్తాన్ని 37 డిగ్రీలు దాటనివ్వకుండా నిదానంగా వేడి చేస్తాము. పాప నుదుటి మీద అంటించే పట్టీ ఒకటి ఉంటుంది, దాన్ని నిర్స్ అంటారు. అది మెదడులో ఆక్సిజన్ ఎంత మిగిలిందో క్షణక్షణం చూపిస్తూ ఉంటుంది. అంకె పడిపోతే ప్రవాహం పెంచుతాము, లేదా మెడ దగ్గర గొట్టం మడత పడిందేమో చూడమని సర్జన్ గారికి చెబుతాము. అన్నీ ముగిశాక 10, 15 నిమిషాలు రక్తాన్ని వడపోసి అదనపు నీటిని తీసేస్తాము. ఈ మాడిఫైడ్ అల్ట్రాఫిల్ట్రేషన్ పద్ధతిని 1991లో లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రి వాళ్లు వెలుగులోకి తెచ్చారు. పిల్లల ఉబ్బు తగ్గించడంలో దీని ఉపకారం నేను కళ్లారా చూస్తున్నాను.

ఒక్క మాట ఉండబట్టలేక చెబుతున్నాను. ఈ యంత్రంతో గిబ్బన్ అనే అమెరికా సర్జన్ 1953 మే 6న ఒక యువతికి విజయవంతంగా ఆపరేషన్ చేశాడు గాని, వెంటనే అది అందరికీ చేతకాలేదు. మరుసటి ఏడు మిన్నెసోటాలో లిల్లెహై అనే సర్జన్ యంత్రమే లేకుండా, పిల్లవాడి రక్తాన్ని తండ్రి లేదా తల్లి వంటి మరో మనిషి ఒంట్లోకి పంపి, ఆ మనిషి ఊపిరితిత్తులతోనే శుద్ధి చేయించి ఆపరేషన్లు చేశాడు. 1954 ఆగస్టు 31న మొట్టమొదటి టెట్రాలజీని పూర్తిగా సరిచేసింది ఆ పద్ధతిలోనే, 10 ఏళ్ల బాలుడికి. మొత్తం 45 మందికి చేస్తే 28 మంది ఇంటికి చేరారు. ఆ మనిషి ఒళ్లు బిడ్డ రక్తాన్ని శత్రువుగా చూడలేదు, ప్లాస్టిక్ గొట్టం చూస్తుంది. మేము ఇప్పటికీ ఆ తేడాను పూడ్చే పనిలోనే ఉన్నాము.

జవాబు
బల్లార్షా వాసి

నాకు తెలిసినంతలో ఒక్కటే సూత్రం. యంత్రం మీద ఎంత తక్కువ సమయం ఉంటే అంత మంచిది. గంటలో ముగించే సర్జన్ ఎవరో కనుక్కుని అక్కడికి వెళ్లండి. మిగతా వివరాలన్నీ తెలుసుకుని మనం చేయగలిగింది ఏమీ లేదు.

జవాబు
సిరొంచ అమ్మ

అన్నయ్య గారూ, మాది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ. ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాము. మా బాబుకు ఐదో ఏట గుండె రంధ్రం మూసే ఆపరేషన్ హైదరాబాద్‌లో జరిగింది. మాకు జిల్లా కేంద్రం కంటే గోదావరి వంతెన దాటి తెలంగాణ వైపు వెళ్లడమే తేలిక. నేను వైద్యం తెలిసినదాన్ని కాను. మా అనుభవంలో ఉపయోగపడే ఒక్క విషయం చెప్పాలని రాస్తున్నాను.

ఆపరేషన్‌కు వారం ముందు అక్కడి మత్తు డాక్టరు గారు మా ఊరి పేరు వినగానే, "సికిల్ సెల్ పరీక్ష చేయించారా?" అని అడిగారు. మా ఇంట్లో ఎవరికీ ఆ జబ్బు లేదని చెప్పాను. అయినా చేయిస్తే బాబు వాహకుడని తేలింది. జబ్బు లేదు, ఒక్క జన్యువు మాత్రం ఉంది. ఒళ్లు బాగా చల్లబడినా, రక్తంలో ఆమ్లం పెరిగినా, ఆక్సిజన్ తగ్గినా సికిల్ ఉన్న ఎర్రకణాలు కొడవలి ఆకారానికి తిరిగి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కోవచ్చని, మూత్రపిండాలకూ మెదడుకూ రక్తం అందకుండా పోవచ్చని ఆయన వివరించారు. యంత్రం మీద ఈ మూడూ జరిగే వీలుంది కాబట్టి ముందే తెలిస్తే జాగ్రత్త పడతామన్నారు. మా బాబును ఎక్కువ చల్లబరచకుండా 34 డిగ్రీల దగ్గర ఉంచి చేశారు.

రక్తం ఇవ్వడానికి మా ఆయన తమ్ముడు పెద్దపల్లి నుంచి పరుగున వచ్చాడు. ఆయన రక్తాన్ని కూడా పరీక్షించి, ఆయనకూ అదే లక్షణం ఉందని తిప్పి పంపేశారు. అప్పుడు మాకు అవమానంగా అనిపించింది, ఆయనైతే రెండు రోజులు మాతో సరిగా మాట్లాడలేదు. తరువాత అర్థమైంది, ఒకే కుటుంబంలో ఆ లక్షణం తిరుగుతూ ఉంటుంది కాబట్టి సొంతవాళ్ల రక్తమే ఎక్కువ అనుమానించవలసి వస్తుంది. మీ రాయగడ వైపు కూడా సికిల్ ఎక్కువేనని విన్నాను. పాపకు రక్తం ఎక్కించక ముందే ఆ పరీక్ష చేయించండి. ఎక్కించాక చేస్తే దాత రక్తం కలిసి ఫలితం తేడా వస్తుందట.

బాబు రెండో రోజు మూత్రం కొంచెం ఎర్రగా వచ్చింది. నర్సమ్మ యంత్రంలో నలిగిన రక్తకణాల వల్ల అని చెప్పింది. మూడో రోజుకు మామూలు రంగు వచ్చింది. ఇప్పుడు మూడో తరగతి చదువుతున్నాడు.

గుణుపురం మేనమామ

అందరికీ కృతజ్ఞతలు. సికిల్ సంగతి మాకు తట్టనే లేదు. అమ్మా, మీరు చెప్పకపోతే మేము అడిగి ఉండేవాళ్లమూ కాము. పంపు అన్నయ్య గారి లెక్క వేసి చూశాను, పాప హెమటోక్రిట్ 51 ఉంది.

ఇంకొక సందేహం. మా సహోద్యోగి ఒకరు, యంత్రం ఎక్కించే ముందు స్టెరాయిడ్ ఇస్తే అవయవాలు దెబ్బతినవని, ఆక్సిజనేటర్‌లో నైట్రిక్ ఆక్సైడ్ వాయువు కలిపితే ఇంకా మేలని చెప్పారు. అవి కావాలని మేము అడగాలా? మూత్రపిండాల గురించి ఇంకా ఎవరైనా వివరంగా చెప్పగలరా?

జవాబు
బరంపురం పిల్లల డాక్టరు

మాస్టారు గారూ, నేను బరంపురంలో పెరిగి, ఇప్పుడు గుండె ఆపరేషన్ అయిన పిల్లల ఐసీయూలో పనిచేస్తున్నాను. పై జవాబుల్లో ఒకదానితో నేను ఏకీభవించలేను కాబట్టి ముందు అది చెబుతాను. సమయం పెరిగిన కొద్దీ అవయవాల ఇబ్బంది పెరుగుతుందన్నది నిజం. కాని ఎక్కువ సమయం పట్టడానికి చాలాసార్లు కారణం గుండె లోపమే ఎక్కువ చిక్కుగా ఉండటం. గడియారం చూసి తొందరపడి రంధ్రం పక్కన చిన్న సందు వదిలేసినా, ఇరుకును సగమే విప్పినా, ఆ బిడ్డ ఐసీయూలో పడే అవస్థ 20 నిమిషాలు ఎక్కువ యంత్రం మీద ఉన్న బిడ్డ అవస్థ కంటే చాలా పెద్దది. ఆపరేషన్ బల్ల మీదే ఎకో చేసి, లోపం మిగిలితే మళ్లీ యంత్రం ఎక్కించి సరిచేసే సర్జన్‌ను నేను ఎక్కువగా నమ్ముతాను.

మూత్రపిండాల సంగతి. అవి మామూలుగానే లోపలి పొరలో ఆక్సిజన్ అంచుల మీద బతికే అవయవాలు. పంపు ఇచ్చే ప్రవాహంలో నాడి కొట్టుకోదు, ఒకే ధారగా సాగుతుంది. రక్తం పలచబడుతుంది. నలిగిన కణాల నుంచి బయటపడిన హిమోగ్లోబిన్ వడపోత గొట్టాలకు విషంలా పనిచేస్తుంది. ఆ తరువాత కొత్తగా కుట్టిన గుండె కొన్ని గంటలపాటు నీరసంగా ఉంటుంది. ఈ నాలుగూ కలిసి దెబ్బ తీస్తాయి. గుండె బలం అన్నిటికంటే తగ్గేది యంత్రం దించిన 6 నుంచి 18 గంటల మధ్య కాబట్టి, మొదటి రాత్రి మేము ఎక్కువగా చూసేది మూత్రపు సంచినే. 8 కిలోల పాపకు గంటకు 8 మిల్లీలీటర్లు వస్తే తృప్తి. ఆరు గంటలపాటు గంటకు 4 కంటే తక్కువ వస్తే మూత్రపిండాలకు దెబ్బ తగిలిందని లెక్కిస్తాము. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ అనే రక్తపరీక్షను నమ్ముకుంటే అది ఒకటి రెండు రోజులు ఆలస్యంగా పెరుగుతుంది. సిన్సినాటిలో 71 మంది పిల్లల మీద జరిపిన పరిశోధన 2005లో వెలువడింది. మూత్రంలో ఎన్‌గాల్ అనే ప్రొటీన్ రెండు గంటల్లోనే పెరిగి ముప్పును పసిగడుతుందని అది చూపించింది. ఆ పరీక్ష అన్నిచోట్లా దొరకదు. గుండె ఆపరేషన్ తరువాత పిల్లల్లో ఏదో ఒక స్థాయిలో ఈ దెబ్బ కనిపించడం చాలా మామూలు విషయం. అందులో ఎక్కువ భాగం స్వల్పంగా ఉండి, కొన్ని రోజుల్లోనే సర్దుకుంటుంది. మీ కాగితంలో రాసిన డయాలసిస్ కొద్దిమందికే అవసరమవుతుంది. పసిపిల్లల్లో అది కూడా సాధారణంగా కడుపులో సన్నని గొట్టం వేసి, ద్రవం నింపి తీయడం ద్వారా చేస్తాము. మూత్రపిండాలు మళ్లీ పని మొదలుపెట్టగానే గొట్టం తీసేస్తాము.

టెట్రాలజీ పిల్లల్లో ప్రత్యేకంగా ఇంకొకటి ఉంది. ఇన్నాళ్లూ ఇరుకు దారి మీదుగా రక్తాన్ని నెట్టి నెట్టి కుడి గది గోడ మందమై బిరుసెక్కి ఉంటుంది. ఆపరేషన్ అయ్యాక అది మెల్లగా సడలే వరకు సిరల్లో ఒత్తిడి పెరిగి, కాలేయం ఉబ్బి, ఛాతీ చుట్టూ నీరు చేరి, గొట్టాల్లోంచి రోజుల తరబడి కారుతూ ఉంటుంది. ఈ రెండు మూడు రోజులు బంధువులు చూసి బెంబేలెత్తే రోజులు. ఊపిరితిత్తుల సంగతి కూడా చెప్పాలి. యంత్రం మీద ఉన్నంతసేపు పుపుస ధమనిలోకి రక్తం పోదు, గాలి తీసేసిన సంచుల్లా అవి ముడుచుకుని ఉంటాయి. తిరిగి తెరుచుకున్నప్పుడు, అంతకుముందు తక్కువ రక్తానికి అలవాటు పడ్డ ఊపిరితిత్తుల్లోకి ఒక్కసారిగా ఎక్కువ రక్తం వస్తుంది. వెంటిలేటర్ ఒకటి రెండు రోజులు అదనంగా అవసరం కావడం ఇందుకే గాని, ఏదో తప్పు జరిగిందని కాదు. నీలంగా అలవాటు పడ్డ బిడ్డకు యంత్రంలో ఒక్కసారిగా మరీ ఎక్కువ ఆక్సిజన్ ఇవ్వకుండా మెల్లగా పెంచడం కూడా పంపు వారి జాగ్రత్తల్లో ఒకటి.

స్టెరాయిడ్ అడగనక్కర లేదు. ఏడాదిలోపు శిశువుల మీద అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధన ఫలితం 2022లో వచ్చింది. మిథైల్‌ప్రెడ్నిసోలోన్ ఇచ్చిన వారికి, ఇవ్వని వారికి మొత్తం మీద చెప్పుకోదగిన తేడా రుజువు కాలేదు. కొందరు సర్జన్లు తమ అనుభవాన్ని బట్టి ఇప్పటికీ ఇస్తారు, అది వారి నిర్ణయం. ఆక్సిజనేటర్‌లో నైట్రిక్ ఆక్సైడ్ కలపడం మీద కూడా అదే సంవత్సరం ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, నెదర్లాండ్స్‌లలో 1371 మంది పిల్లల ఫలితం వెలువడింది. వెంటిలేటర్ లేకుండా గడిపిన రోజుల్లో తేడా లేదు. రెండింటి వెనుక ఉన్న తర్కం బాగుంది, పిల్లల ఒంట్లో మాత్రం ఫలించలేదు.

మెదడు గురించి నేను తల్లిదండ్రులకు చెప్పేది ఇది. పెద్ద దెబ్బలు, అంటే పక్షవాతం, విడవని ఫిట్స్, అరుదు. సున్నితమైన తేడాలు, అంటే మాట ఆలస్యం కావడం, బడిలో నిలకడ తక్కువ కావడం, చేతివేళ్ల పనితనం మందగించడం, అంత అరుదు కావు. దానికి యంత్రం ఒక్కటే కారణం కాదు. నెలల తరబడి ఆక్సిజన్ తక్కువైన రక్తంతో పెరగడం, జన్యు కారణాలు, ఐసీయూలో గడిపిన రోజులు అన్నీ అందులో ఉంటాయి. మీ బావగారు విన్న చిన్న ఆపరేషన్ షంట్ అన్నది, అంటే చేతికి వెళ్లే ధమని నుంచి ఊపిరితిత్తుల ధమనికి ఒక అడ్డదారి కలపడం. 1944 నవంబరు 29న జాన్స్ హాప్కిన్స్‌లో మొదలైన పద్ధతి అది. చాలావరకు యంత్రం లేకుండానే చేయవచ్చు. మరీ చిన్న శిశువులకు, ఊపిరితిత్తుల ధమనులు సన్నగా ఉన్నవారికి ఇప్పటికీ అది ప్రాణం నిలుపుతుంది. కాని షంట్ చేసినా బిడ్డ నీలంగానే ఉంటుంది, గది గోడ ఇంకా మందమవుతుంది, యంత్రం ముప్పు తప్పదు, వాయిదా పడుతుంది, అంతే. ధమనులు బాగుంటే 14 నెలల వయసులో పూర్తి ఆపరేషన్‌నే ఎంచుకోవడానికి కారణం ఇది.

మరో రెండు సంగతులు. టెట్రాలజీ ఉన్న పిల్లల్లో కొందరికి 22వ క్రోమోజోములో చిన్న ముక్క లోపించి ఉంటుంది. వారిలో కాల్షియం పడిపోతుంది, రోగనిరోధక కణాలు తక్కువగా ఉండవచ్చు, అందుచేత రేడియేషన్ ఇచ్చిన రక్తమే ఎక్కించాలి. ఆ పరీక్ష చేశారో లేదో అడగండి. రక్తం ఎక్కించిన తరువాత తట్టు టీకాను సుమారు 6, 7 నెలలు వాయిదా వేయాలి. డిశ్చార్జి కాగితంలో ఎక్కించిన రక్తం తేదీ రాయించుకుని ఊళ్లో ఆశా కార్యకర్తకు చూపించండి. లేదంటే పాత తేదీ ప్రకారమే వేసేస్తారు.

జవాబు
పర్లాకిమిడి పంపు మనిషి

మాస్టారూ, హెమటోక్రిట్ 51 అంటే ఆ లెక్క ప్రకారం 34 దగ్గర ఆగుతుంది. దాత రక్తం కలపకుండానే యంత్రం మొదలుపెట్టే అవకాశం ఉంది. అయితే చిక్కబడిన రక్తంలో గడ్డకట్టే పదార్థాలు తక్కువగా ఉంటాయి కాబట్టి చివర్లో ప్లాస్మా, ప్లేట్‌లెట్లు అడగవచ్చు, ఇద్దరు దాతలను సిద్ధంగా ఉంచండి.

సిరొంచ అమ్మ గారు చెప్పిన సికిల్ మాటకు ఒక చిన్న చేర్పు. వాహకులైన పిల్లలకు బైపాస్ ఆపరేషన్లు జరుగుతూనే ఉన్నాయి, అది తేలినంత మాత్రాన ఎవరూ ఆపరేషన్ మానరు. జబ్బే ఉన్నవారిలో మాత్రం ముందుగా రక్తాన్ని మార్చి సికిల్ హిమోగ్లోబిన్‌ను 30 శాతం లోపుకు తెచ్చుకుంటాము. ఆ ఏర్పాటుకు సమయం కావాలి. కాబట్టి ఫలితం ఆపరేషన్ ముందురోజు కాకుండా ఈ వారమే మీ చేతికి వచ్చేట్టు చూసుకోండి.

గుణుపురం మేనమామ

డాక్టరమ్మ గారికీ, పంపు అన్నయ్య గారికీ, సిరొంచ అమ్మకూ నమస్కారాలు. బల్లార్షా వారి మాట వెనుక ఉన్న ఆతురత కూడా నాకు అర్థమైంది. మీరు రాసినవన్నీ మా చెల్లెలికి చదివి వినిపించాను. మేమిద్దరం ఒడియా బడిలో చదువుకున్నాము, తెలుగు చదవడం రాయడం నేను తరువాత నేర్చుకున్నాను. ఆమె మాత్రం విశాఖలో అడగవలసిన ప్రశ్నలను ఒడియా లిపిలో తెలుగు మాటలుగా రాసుకుంది. ఎంత చల్లబరుస్తారు, ప్రవాహం ఆపుతారా, దాత రక్తాన్ని సికిల్‌కు పరీక్షిస్తారా, 22వ క్రోమోజోము పరీక్ష చేశారా అన్నవి అందులో ఉన్నాయి. గంటకు 8 మిల్లీలీటర్లు అన్న అంకెను విడిగా రాసి చుట్టూ గీత గీసుకుంది. పాప రక్తం ఈరోజు ఉదయం సికిల్ పరీక్షకు తీసుకున్నారు, శుక్రవారం ఫలితం ఇస్తామన్నారు.